చిక్కటి టీ, ఒకే గిన్నె

1983 అక్టోబర్ 15, శనివారం. మిషిగన్ రాష్ట్రం, నోవైలో మా ఇల్లు. మధ్యాహ్నం రెండు గంటలు. ఎండగానే ఉంది, గాలి మాత్రం చల్లగా వీస్తోంది.

హాజరైనవారు: మొదటి అతిథి, మా ఆవిడకు టీ నేర్పిన జపనీస్ టీచరుగారు. రెండో అతిథి, మా వీధికి రెండు వీధుల అవతల ఉండే తెనాలి డాక్టరుగారు. మూడో అతిథి, నేను. టీ చేసి ఇచ్చే మనిషి, మా ఆవిడ. మొత్తం నలుగురు.

ఆ రోజు డైరీలో టీకి కూర్చోబోయే ముందు రాసింది ఇంతే. సాయంత్రం దాని కింద ఇంకో వాక్యం రాశాను: "పద్నాలుగు రాశాను, పదిహేనోది మరిచాను." ఆ పదిహేనోది ఏమిటో చెప్పాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి.

మా ఆవిడ గుంటూరులో ఆడపిల్లల హైస్కూల్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పింది. అమెరికా వచ్చాక ఆ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లవన్నారు. చెల్లాలంటే మళ్లీ రెండేళ్లు కాలేజీకి వెళ్లాలి, దానికి అప్పట్లో వీలు కాలేదు. ఒక బట్టల షాపులో చేరింది. జనం వేసుకుని చూసి ఎక్కడపడితే అక్కడ వదిలేసిన కోట్లను సైజుల వారీగా మళ్లీ తగిలించడం పని. "పిల్లలకి ఒకటికి పదిసార్లు చెబితే నేర్చుకునేవాళ్లు. ఈ కోట్లకి ఎన్నిసార్లు చెప్పినా నేర్చుకోవు" అనేది. నవ్వుతూనే అనేది గానీ, నాకు అర్థమవుతూనే ఉండేది.

1979 మార్చిలో, ఇంకా మంచు కరగని ఒక శనివారం, పబ్లిక్ లైబ్రరీలో జపాన్ వాళ్ల టీ పద్ధతి చూపిస్తారని నోటీసు పెట్టారు. నేను పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్తే తనూ వచ్చింది. అరవై దాటిన ఒక చిన్న మనిషి, బూడిద రంగు కిమోనోలో, నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుని ఒక గిన్నె తుడుస్తున్నారు. తుడవడానికే మూడు నిమిషాలు పట్టింది. నేను వాచీ చూశాను కాబట్టి చెబుతున్నాను. నాకు కాళ్లు నొప్పి పుట్టాయి, చూస్తున్నందుకే. మా ఆవిడ మాత్రం కదల్లేదు. కారెక్కాక, "ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడకుండా అంతమందికి పాఠం చెప్పిందండీ" అంది. ఆ వారమే క్లాసులో చేరింది.

ఈ టీచరుగారు 1950ల్లో ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని మిషిగన్ వచ్చారు. ఆయన తర్వాత కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరై, పోయారు. ఆయన వదిలి వెళ్లిన పొడుగాటి అమెరికన్ కారును సీటు మీద రెండు దిండ్లు వేసుకుని ఆవిడే నడిపేవారు. ఇంటి బేస్‌మెంట్‌లో ఆయనే కట్టి ఇచ్చిన టీ గది ఉండేది. గురువారం కొత్తగా చేరినవాళ్లకి, మంగళవారం బాగా వచ్చినవాళ్లకి క్లాసు.

మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకునేదాకా తీసుకెళ్లి తీసుకురావడం నా పని. ఆ రెండు గంటలూ పై గదిలో కూర్చుని టీచరుగారి షెల్ఫులో ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాణ్ణి. నాకు ఏదైనా మొదట్నించీ తెలియాలి. అలా తెలిసింది: టీ జపాన్‌కి చైనా నుంచి సన్యాసులతో వచ్చింది. ధ్యానంలో నిద్ర రాకుండా తాగేవారట. తర్వాత ప్రభువులు దాన్ని పట్టుకుని, బంగారు గిన్నెలు, విందులు, పందేల దాకా తీసుకెళ్లారు. ఆ తర్వాత, నాలుగు వందల ఏళ్ల కిందట, వర్తకుల ఇంట పుట్టిన ఒక గురువు ఆ ఆర్భాటమంతా తీసేశాడు. చిన్న గది, మట్టి గిన్నె, వెదురు చెంచా చాలన్నాడు. ద్వారం ఎంత చిన్నదంటే ఎంత ప్రభువైనా కత్తి బయట పెట్టి, వంగి, పాకినట్టు లోపలికి రావాలి. చివరికి ఆ గురువు కొలిచిన ప్రభువే కోపం వచ్చి ఆయన్ని ప్రాణం తీసుకోమన్నాడు. ఎందుకో ఏ రెండు పుస్తకాలూ ఒకే కారణం చెప్పలేదు. చాలాకాలం దాకా ఇది మగవాళ్ల విద్యే. ఆడపిల్లల బళ్లు వచ్చాక, మర్యాద నేర్పడానికని వాళ్లకీ చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, నాలాంటి మొగుళ్లు మేడ మీద కూర్చుని పుస్తకాలు చదువుతారు.

ఆఫీసులో ఈ సంగతి చెప్పేవాణ్ణి కాదు. మాది కార్ల విడిభాగాల కంపెనీ. ఆ ఏళ్లలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉద్యోగాలు పోతున్నాయి, అందుకు జపాన్ కార్లే కారణమని లంచ్ టేబుల్ దగ్గర రోజూ మాట. మీ ఆవిడ సాయంత్రాలు ఏం క్లాసుకి వెళ్తుందని ఎవరైనా అడిగితే, వంట అని చెప్పేవాణ్ణి. పూర్తి అబద్ధం కాదు, నీళ్లు కాచడం అందులో ఉంది.

అసలు సంగతి 1983 సెప్టెంబర్‌లో మొదలైంది. టీచరుగారు ఇల్లు అమ్మేసి, ఏడాది చివరికి కాలిఫోర్నియాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పారు. మరి క్లాసులు? ఎవరికైనా అప్పగించి వెళ్తానన్నారు. ఆ ఎవరైనాలో ఇద్దరే ఉన్నారు. ఒకరు ఆన్ ఆర్బర్ నుంచి వచ్చే అమెరికన్ లైబ్రేరియన్, ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటున్న మనిషి. రెండోది మా ఆవిడ.

ఇద్దరికీ ఒకటే పరీక్ష. ఎవరి ఇంట్లో వాళ్లు, ముగ్గురు అతిథులకి చిక్కటి టీ ఇవ్వాలి. మొదటి అతిథిగా టీచరుగారు వస్తారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు టీ పద్ధతి ఎప్పుడూ చూడనివారై ఉండాలి. చూసినవాళ్లకి ఎవరైనా ఇస్తారు, అన్నారట.

ఈ టీలో రెండు రకాలు. పలచనిది నురగలా ఉంటుంది, ఎవరి గిన్నె వారిది, మాట్లాడుకుంటూ తాగొచ్చు. చిక్కటిది అసలైనది. ఆకుపచ్చ పొడిలో కొంచెమే వేడినీళ్లు పోసి, వెదురును సన్నగా చీల్చి కట్టిన కవ్వంతో మెదుపుతారు. రుబ్బిన గోరింటాకుకి ఇంకాస్త నీళ్లు పోస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అందరికీ కలిపి ఒకే గిన్నె. మొదటి అతిథి మూడు గుక్కలు తాగి, పెదవి ఆనిన చోటు తడిగుడ్డతో తుడిచి, పక్కవాళ్లకి ఇస్తారు. వాళ్లూ అంతే. ఆ సేపంతా ఎవరూ మాట్లాడరు.

మా ఆవిడ ఆ నెల రోజులూ అన్నం కూడా టీ పద్ధతిలోనే వడ్డించిందనిపించేది. పప్పు గరిటె పట్టుకున్నా మోచెయ్యి ఎత్తు చూసుకునేది. ఒకరోజు షాపు నుంచి వచ్చి, కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుని, "నాకు మళ్లీ క్లాసు కావాలండీ" అంది. అంతకుముందు ఎన్నడూ అలా నోరు తెరిచి అడగలేదు. నేనేదో ఇవ్వగలిగినట్టు నా వైపే చూసింది.

ఇవ్వలేను గనక, నాకు చేతనైంది చేశాను. అతిథి ఏం చేయాలో ఒక కాగితం టైప్ చేశాను.

టీ చూడని అతిథిగా డాక్టరుగారిని పిలుద్దామన్నది నేనే. ఆయన మాకు ఏడేళ్లుగా తెలుసు. ఆయన భార్య కూడా డాక్టరే, ఆ శనివారం ఆమెకి డ్యూటీ. ఆయన మమ్మల్ని ఏడిపించడానికి నన్ను 'బ్రదర్' అని పిలిచేవారు, మా తెలుగు చర్చివాళ్లు ఒకరినొకరు అలా పిలుచుకుంటారని. పిలవడానికి వెళితే, "టీ తాగడానికి పరీక్షేంటి బ్రదర్, ఎంబీబీఎస్‌లోనే చాలా రాశాను" అన్నారు. పరీక్ష మీకు కాదు, మా ఆవిడకి అని, క్లాసు సంగతి చెప్పాను. వెంటనే సర్దుకుని కూర్చుని, "అయితే నేనేం చేయాలో రాసివ్వండి. చెల్లెమ్మ పరువు నా చేతిలో ఉందన్నమాట" అన్నారు.

రాసిచ్చాను. పద్నాలుగు అంశాలు. ఉతికిన తెల్ల మేజోళ్లు తెచ్చుకుని గుమ్మంలో తొడుక్కోవాలి. వాచీ, ఉంగరం తీసేయాలి, గిన్నెకి గీతలు పడతాయి. మ్యాట్ అంచు తొక్కకూడదు. మిఠాయి ముందు తినాలి, మొత్తం తినాలి. గిన్నెను రెండుసార్లు తిప్పి తాగాలి. తొమ్మిదోది, తాగాక అంచు తుడవాలి. పద్నాలుగోది, టీ తాగేటప్పుడు జోకులు వద్దు. ఆయన కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుని బట్టీ పట్టారు. ఫోన్ చేసి ఏ నంబరు అడిగినా చెప్పేవారు.

ఒకే గిన్నె అని మాత్రం రాయలేదు.

ఎందుకు రాయలేదో తర్వాత చాలాసేపు ఆలోచించాను. నా చిన్నప్పుడు మా ఊరి చర్చిలో ప్రభురాత్రి భోజనంలో ద్రాక్షరసానికి ఒకటే గిన్నె. పాస్టరుగారు ఒక్కొక్కరి పెదవికీ ఆనించి, తెల్లగుడ్డతో అంచు తుడిచి, పక్కవారికి పట్టేవారు. టీచరుగారి ఇంట్లో మొదటిసారి చిక్కటి టీ చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చి అడిగాను కూడా. ఆ గురువు కాలంలో జపాన్‌లో మిషనరీలు ఉండేవారనీ, ఆయన శిష్యుల్లో కొందరు క్రైస్తవులనీ, ఆ తుడవడం అక్కణ్ణించి వచ్చిందని కొందరంటారనీ, అవునో కాదో తనకి తెలియదనీ ఆవిడ చెప్పారు. మొత్తానికి ఒక గిన్నెలో నలుగురు తాగడం నాకు వింతగా తోచలేదు. తోచనిది జాబితాలోకి ఎలా వస్తుంది?

ఇక డాక్టరుగారి సంగతి. ఆయన ఎంగిలి తాగరు. ఇతరుల ఎంగిలే కాదు, తన పెదవి కూడా దేనికీ ఆనించరు. మంచినీళ్లు, మజ్జిగ, డబ్బాలో కోక్, పొగలు కక్కే కాఫీ, ఏదైనా జానెడు ఎత్తు నుంచి గొంతులోకి పోసుకోవడమే. హాస్పిటల్‌లో నర్సులు కొత్తవాళ్లని పిలిచి మరీ చూపించేవారట. నా డైరీల్లోనే ఈ విషయం మూడుచోట్ల రాసి ఉంది. రాసినవాణ్ణి నేనే. అయినా ఆ రెండు సంగతులూ నా బుర్రలో ఒకదానికొకటి తగల్లేదు.

లైబ్రేరియన్ పరీక్ష అంతకుముందు శనివారమే అయింది. ఒక్క చుక్క ఒలకలేదట, ఒక్క అడుగు తప్పలేదట. టీచరుగారు "చాలా శుభ్రం" అన్నారని మంగళవారం క్లాసులో అందరికీ తెలిసింది. అది విన్నాక మా ఆవిడ రెండు రోజులు సరిగా తినలేదు.

ఆ శనివారం ఫ్యామిలీ రూమ్‌లో సోఫాలు, టీవీ గరాజ్‌లోకి వెళ్లిపోయాయి. టీచరుగారు ఇచ్చిన గడ్డి మ్యాట్లు పరిచాం. కరెంటు పొయ్యి మీద ఇనప కెటిల్, గోడకి జపనీస్ అక్షరాలు రాసిన ఒక పటం, దాని కింద మా పెరట్లో ఇంకా మిగిలిన ఒకే ఒక్క చామంతి. గిన్నె కూడా టీచరుగారిదే, వాళ్లమ్మగారిది. నల్లగా, అరచేతిలో ఇమిడేలా ఉంటుంది. మిఠాయికి మాత్రం మా ఆవిడ ఎవరినీ అడగలేదు. జపాన్‌వాళ్లు తీపి చిక్కుడు ముద్దతో చేస్తారు, అది మన పూర్ణానికి దగ్గరి చుట్టమే. శనగపప్పుతో పూర్ణం చేసి, చిన్న చిన్న ఆకుల్లా ఒత్తింది.

రెండింటికి ముగ్గురం వరుసగా కూర్చున్నాం. డాక్టరుగారు మోకాళ్లు మడిచి, వీపు నిటారుగా, పెళ్లికొడుకులా కూర్చున్నారు. మిఠాయి నోట్లో పెట్టుకుని, "ఇది పూర్ణం కదా" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. పద్నాలుగో అంశం టీ తాగేటప్పటి సంగతే కాబట్టి, అది తప్పు కింద రాదు.

మా ఆవిడ వచ్చి కూర్చుంది. తుడిచింది, కడిగింది, పొడి వేసింది, నీళ్లు పోసింది, కవ్వం పట్టింది. గదిలో కెటిల్ శబ్దం తప్ప ఏమీ లేదు. నేను నలభై నిమిషాలు ఊపిరి తీసుకున్నానో లేదో తెలియదు. ఒక్క పొరపాటు లేదు. గిన్నె టీచరుగారి ముందు పెట్టింది. ఆవిడ తీసుకుని, తిప్పి, ఒక గుక్క తాగారు. రుచి ఎలా ఉందని మా ఆవిడ అడగాలి, అడిగింది. బాగుందని ఆవిడ చెప్పాలి, చెప్పారు. ఇంకో రెండు గుక్కలు తాగి, అంచు తుడిచి, గిన్నె డాక్టరుగారికి అందించారు.

డాక్టరుగారు రెండు చేతులతో అందుకున్నారు. అప్పటిదాకా ఆయన తన గిన్నె వేరే వస్తుందని అనుకుంటున్నారని నాకు ఆ క్షణంలో అర్థమైంది. గిన్నెలోకి చూశారు. టీచరుగారు తుడిచిన చోటు చూశారు. నా వైపు చూశారు. ఆ చూపులో తిట్టు ఏమీ లేదు, దిక్కులేనితనమే ఉంది. కాదంటే చెల్లెమ్మ పరీక్ష పోతుంది. తాగితే యాభై ఏళ్లుగా చేయని పని చేయాలి. నేను చేయగలిగింది ఏమీ లేదు. మాట్లాడకూడదు, అది నేను రాసిందే.

ఆయన కుదురుగా గిన్నెను రెండుసార్లు తిప్పారు. తర్వాత, పెదవి తగలకుంటే సగం ఎంగిలే అని సర్దిచెప్పుకున్నట్టున్నారు, కుడిచేత్తో పట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, గిన్నెను జానెడు ఎత్తున వంచారు.

టీ రాలేదు.

చిక్కటి టీ కదా, గిన్నె అడుగున పట్టుకుని కూర్చుంది. ఆయన ఇంకొంచెం వంచారు. ఇంకొంచెం. గిన్నె దాదాపు బోర్లించినట్టే అయింది. నేను మనసులో లెక్కపెడుతున్నాను, పన్నెండు దాకా వచ్చాను. వాళ్లమ్మగారి గిన్నె ఒంటిచేతిలో గాల్లో ఉండటం చూసి, ఒడిలో ఉన్న టీచరుగారి వేళ్లు బిగిశాయి. అంచు దగ్గర ఒక ఆకుపచ్చ తీగ మొదలై, కారాలా వద్దా అని ఆలోచించి, ఆయన గడ్డం మీద పడింది. ఆయన నోరు మూయలేదు, చెయ్యి దించలేదు. దించితే ఓడిపోయినట్టు అనుకున్నారేమో.

"అన్నయ్యగారూ, గిన్నె ఇలా ఇవ్వండి."

మా ఆవిడ గొంతు. నలభై నిమిషాలుగా జపనీస్ మర్యాద మాటలు తప్ప వినపడని గదిలో తెలుగు. తను తన చోటు వదిలి మోకాళ్ల మీద ఆయన ముందుకి వచ్చింది. ఆయన తల దించి, గిన్నె ఇచ్చేశారు. మా ఆవిడ మళ్లీ కెటిల్ దగ్గరికి వెళ్లింది. వెదురు గరిటెతో నిండుగా వేడినీళ్లు తీసి చిక్కటి టీలో పోసింది. కవ్వం పట్టి గిలకొట్టింది. చిక్కటిది పలచనైపోయింది. నాకు తెలిసి అది చేయకూడని పని. పెళ్లి మధ్యలో పురోహితుణ్ణి లేపి భోజనాలు వడ్డించినట్టు.

గిన్నె మళ్లీ ఆయన ముందు పెట్టి, "ఇప్పుడు పోసుకోండి, జారుతుంది" అంది.

ఆయన పోసుకున్నారు. చుక్క పక్కకి పోలేదు. యాభై ఏళ్ల సాధన మరి. తర్వాత, పెదవి తగలకపోయినా సరే, తొమ్మిదో అంశం ప్రకారం అంచు శుభ్రంగా తుడిచి నాకు ఇచ్చారు. మిగిలింది నేను పెదవి ఆనించి తాగాను. రుచి గురించి డైరీలో ఏమీ రాయలేదు.

మిగతాదంతా పద్ధతిగానే జరిగింది. టీచరుగారు ఏ ఊరి టీ అని అడిగారు, మిఠాయి ఎవరు చేశారని అడిగారు. మా ఆవిడ జవాబులు చెప్పింది. గిన్నె, చెంచా చూడటానికి తీసుకుని, చూసి, తిరిగి ఇచ్చారు. టీచరుగారి ముఖంలో ఏమీ కనిపించలేదు. గుమ్మం దగ్గర వంగి నమస్కరించి, రెండు దిండ్ల మీద కూర్చుని, కారు నడుపుకుంటూ వెళ్లిపోయారు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. శుభ్రం అన్న మాట అసలే రాలేదు.

డాక్టరుగారు వాకిట్లో బూట్లు వేసుకుంటూ, "బ్రదర్, పద్నాలుగు రాశారు. ఒకే గిన్నె అని ఒక్క ముక్క రాయలేకపోయారా" అన్నారు.

"రాస్తే వచ్చేవారా?"

"వచ్చేవాణ్ణి కాదు. ఇంకెవరో వచ్చి బుద్ధిగా తాగి వెళ్లేవారు. చెల్లెమ్మకి క్లాసు వచ్చేది." బూటు లేసు కట్టుకోవడం ఆపేశారు. "ఆవిడకి ఫోన్ చేసి నా జబ్బు ఇదీ అని చెప్పనా? డాక్టరు చెబితే నమ్ముతారు."

వద్దన్నాను. ఆయన గడ్డం మీద ఇంకా ఆకుపచ్చగానే ఉంది. అది కూడా చెప్పాను.

లోపలికి వచ్చేసరికి మా ఆవిడ గిన్నె కడిగి మెత్తటి గుడ్డలో చుడుతోంది. నేను తప్పు ఒప్పుకున్నాను. కాగితం నాది, మరిచింది నేను, టీచరుగారికి ఆ మాట ఉత్తరం రాస్తానన్నాను.

"మీ కాగితం తప్పేం కాదు," అంది. "వచ్చేవాళ్లెవరో తెలుసుకోవాల్సింది ఇచ్చేవాళ్లు. ఏడేళ్లుగా ఆయనకి కాఫీ ఇస్తున్నది మీరా, నేనా? ప్రతిసారీ కప్పు కాదు, గ్లాసే ఇస్తాను, పోసుకోవడానికి వీలుగా ఉంటుందని. చేతులకి తెలిసింది, తలకి ఎక్కలేదు."

"మరి నీళ్లు ఎందుకు పోశావు? ఆగి ఉంటే ఆయనే దించేసేవారు కదా."

"ఆయన నోరు తెరుచుకుని కూర్చుంటే ఎలా ఊరుకుంటామండీ," అంది. అంతే. సోఫాలు మాత్రం లోపలికి తేవద్దంది. ఎందుకని నేను అడగలేదు. ఆ సాయంత్రం గడ్డి మ్యాట్ల మీదే కూర్చుని పెరుగన్నం తిన్నాం.

మర్నాడు ఆదివారం. మా తెలుగు ఆరాధన అమెరికన్ల ఆరాధన అయ్యాక అదే చర్చిలో మధ్యాహ్నం ఉంటుంది కాబట్టి పొద్దున్న తొందర లేదు. తొమ్మిదింటికి పొడుగాటి కారు వచ్చి మా వాకిట్లో ఆగింది. టీచరుగారు మామూలు కోటు, ప్యాంటులో ఉన్నారు. ఆవిడని కిమోనో లేకుండా చూడటం నాకు అదే మొదటిసారి. మ్యాట్లకోసం వచ్చారనుకున్నాను. మా ఆవిడా అదే అనుకుని, గిన్నె కూడా తెచ్చి ముందు పెట్టింది.

ఆవిడ వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చున్నారు. మా ఆవిడ అల్లం వేసిన పాలటీ ఇచ్చింది. ఆవిడ సగం తాగి, కప్పు పక్కన పెట్టి, ముందు తప్పులు చెప్పారు. పొడి ఒక చెంచా తక్కువైంది. చామంతి ఎడంవైపు వంగి ఉంది. అతిథి ఎలా తాగుతారో ఇచ్చేవాళ్లకి ముందే తెలిసి ఉండాలి. తెలిసి ఉంటే విడి గిన్నెలు పెట్టొచ్చు. వాళ్ల నాయనమ్మగారి కాలంలో జబ్బులకి భయపడి జపాన్‌లోనే అలా విడి గిన్నెల్లో చిక్కటి టీ ఇచ్చినవాళ్లున్నారట. చిక్కటి టీలో నీళ్లు పోయడం మాత్రం ఎక్కడా లేదన్నారు. మా ఆవిడ తల దించుకుని అన్నిటికీ సరేనంది.

"మంగళవారం క్లాసు లైబ్రేరియన్‌కి," అన్నారు టీచరుగారు. "గురువారం క్లాసు నీకు."

మా ఆవిడ టేబుల్ మీద లేని మరక ఒకటి తుడిచింది. తర్వాత అడిగింది. "నిన్న నీళ్లు పోయకుండా ఉంటే మంగళవారం కూడా నాకే వచ్చేదా?"

"రావచ్చు." టీచరుగారు కప్పు తీసుకుని మిగిలిన సగం తాగారు. "గురువారం మాత్రం ఇచ్చేదాన్ని కాదు. గురువారం వచ్చేవాళ్లకి ఏమీ రాదు. రోజూ ఏదో ఒకటి ఒలకపోస్తారు. వాళ్లు ఒలకపోసినప్పుడు లైబ్రేరియన్ పుస్తకంలో చూస్తుంది."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ ముఖంలో సగం సంతోషం, సగం ఉక్రోషం. రెండూ కావాలనుకుంది, ఒకటే వచ్చింది, ఆ ఒకటీ రెండోదాన్ని పోగొట్టుకున్నందుకే వచ్చింది. ముక్కు తుడుచుకుని, గురువారం ఎంతమంది వస్తారని అడిగింది.

నలుగురు. టీచరుగారు ఒక్కొక్కరి గురించి చెప్పారు. ఒక అమ్మాయిది ఎడమచేతి వాటం, అన్నీ కుడిచేత్తోనే చేయాలంటే ఏడుపు మొహం పెడుతుంది. ఒకావిడ నవ్వు ఆపుకోలేదు. ఒకతను కవ్వం విరగ్గొడతాడు, ఇప్పటికి రెండు. నాలుగో ఆవిడకి మోకాళ్ల ఆపరేషన్ అయింది, కింద కూర్చోలేదు, రావడం మానేస్తానంటోంది. మా ఆవిడ ఒక కాగితం తెచ్చుకుని అన్నీ రాసుకుంది. అది నాకు చూపించలేదు.

మోకాళ్ల ఆవిడ దగ్గర ఆగింది. లేచి వంటింటి కుర్చీ ఒకటి ఫ్యామిలీ రూమ్‌లోకి లాక్కెళ్లి, కెటిల్ పక్కన వేసింది. టీచరుగారిని వచ్చి కూర్చోమంది. ఎత్తు సరిపోతుందేమో చూడాలట. ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డారు. బల్లలు, కుర్చీలు పెట్టి టీ ఇచ్చే పద్ధతి ఒకటి జపాన్‌లో ఉందని, వంద ఏళ్ల కిందట విదేశీయుల కోసం చేశారని, అది తనకి నచ్చదని, ఎన్నడూ నేర్పలేదని చెప్పారు.

"మీరు కాలిఫోర్నియాలో ఉంటారు కదా," అంది మా ఆవిడ.

టీచరుగారు మ్యాట్ల అంచున ఇంటి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, కెటిల్ వైపు చెయ్యి చాపి చూశారు. అందలేదు. కుర్చీని కిటికీ వైపు కొంచెం జరపమని నాకు చెప్పారు. జరిపాను.